తట్ట, చెమ్మసు, తెర

ఇంకో రెండు కట్టెలు ఎగదోయుండ్రి, చలి ముదురుతున్నది. చిన్నోడా, పొద్దుగాల నువ్వు అడిగిన మాటకు ఇప్పుడు జవాబు చెప్త. "ఎర్ర సినిమాలంటే జెండాలు, నినాదాలే గద తాతా, గవ్వి ఎందుకు గంతగనం తల్సుకుంటవు" అన్నవు. నువ్వు ఫోన్‌ల చూసింది ముక్కలు ముక్కలు. మేం చూసింది షిఫ్టు దిగి, మొకం కడుక్కొని, చెవులల్ల ఇంక బొగ్గుపొడి ఉండంగనే నేల టికెటు కొని. రెంటికీ ఫరక్ ఉంటది.

నేను బొగ్గు బాయిల చేరిన కొత్తల గోదావరిఖని ఇప్పటి లెక్క లేదు. ఊరంతా సైరన్ మీద నడిచేది. సైరన్ కూస్తే లేసుడు, సైరన్ కూస్తే తినుడు. సినిమా కూడ సైరన్ లెక్కనే. ఫస్టు షిఫ్టోళ్ళకు మొదటి ఆట దొరికేది. నైట్ షిఫ్టోళ్ళు నిద్ర మొకాలతోని పగటి ఆటకు పోయేటోళ్ళు. సెకండ్ షిఫ్టోళ్ళకు ఆ వారం సినిమా లేనట్టే; పైకొచ్చేసరికి రెండో ఆట సగం అయిపోయేది. అందుకే ఒకడు చూసొచ్చి కథ చెప్తే పదిమంది ఇనేటోళ్ళు. నేను కొన్ని సినిమాలు చూసిందానికన్న ముందుగాల ఇన్నదే ఎక్కువ.

నాది ఫిల్లర్ పని. ఫిల్లర్ అంటే తెలుసుగద? బొగ్గు పేల్చినంక, దాన్ని చెమ్మసుతోని తట్టల కెత్తి, ఆ తట్ట మోసుకపోయి టబ్బుల పోసుడు. టబ్బు లెక్కన కూలి. ఎన్ని నింపితే గన్ని పైసలు. తల మీద లైటు, నడుముకు బ్యాటరీ, కింద నీళ్ళు, మీద రూఫు. గా పని చేసినోనికి తెర మీద ఎవ్వడు కనబడాలె చెప్పు? అప్పటిదాక మాకు కనబడ్డది రాజులు, దేవుళ్ళు, జమీందార్ల బిడ్డలు. పనోడు ఉంటే నవ్వులాటకు ఉండేటోడు, లేకుంటే దండం పెట్టి పక్కకు జరిగేటోడు.

గసుంటి దినాలల్ల వచ్చింది 'మనుషులు మారాలి'. 1969ల సినిమా. వి. మధుసూదనరావు తీసిండు. శోభన్‌బాబు కార్మికుడు, శారద ఆయన పెండ్లాం. మా దిక్కు వచ్చేసరికి ఆలస్యమైంది గని, వచ్చినప్పుడు బాయి బాయిల గా ముచ్చటనే. కథ మొదలు మలయాళంది. కేరళల తోప్పిల్ భాసి అనే ఆయన రాసిన నాటకం 'తులాభారం'. దాన్ని 1968ల సినిమా తీస్తే అండ్ల గూడ శారదనే చేసింది. మన తెనాలి బిడ్డ. గా మలయాళం సినిమాకే ఆమెకు దేశం మొత్తం మీద ఉత్తమ నటి అవార్డు వచ్చింది, ఊర్వశి శారద అనుడు అప్పటి సందే.

కథ ఏందంటే, బాగ బతికిన ఇంటి పిల్ల, ఆస్తి అంత పోయినంక ఒక కార్మికున్ని చేసుకుంటది. ఆయన యూనియన్ మనిషి. ఫ్యాక్టరీల కొట్లాట నడుస్తది, ఆయనను చంపుతరు. ఇగ ముగ్గురు పిల్లలతోని ఆమె ఒంటిగ. పని దొరకదు, అప్పు పుట్టదు, పొయ్యి ముట్టియ్యదు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే చూడలేక ఇసం పెట్టి తను కూడ తింటది. పిల్లలు పోతరు, ఆమె బతుకుతది. కోర్టుల నిలబెడుతరు.

నేను గా సినిమా చూసినప్పుడు నాకింక పెండ్లి కాలే. పక్కన బెంచీల మీద ఆడోళ్ళు గట్టిగనే ఏడుస్తున్నరు, ఎవ్వరు గూడ దాసుకుంటలేరు. నా గుండెల నిలిచింది గా కోర్టు సీను కాదు. ఆమె బియ్యం డబ్బ మూత తీసి చూసే తీరు. ఖాళీ అని ఆమెకు తెలుసు. అయినా తీస్తది. ఇంట్ల లేమి తెలిసినోళ్ళు ఎవలన్న గట్లనే చేస్తరు.

తెల్లారి బాయి మీద పెద్ద వాదన. మా సీనియర్ ఒకాయన ఏమన్నడంటే, "పిల్లలకు ఇసం పెట్టుడు చూపిచ్చి కార్మికుల్ని భయపెట్టిన్రు, ఇది మన సినిమా కాదు" అన్నడు. ఇంకొకాయన, "భయపెట్టలే, సమ్మెల చచ్చిపోయినోని ఇల్లు ఎవలు చూడాలె అని యూనియన్ను అడిగిన్రు" అన్నడు. నేను చిన్నోన్ని, నోరు తెరువలే. ఇప్పుడు చెప్తున్న, రెండో ఆయన మాటనే సత్యం. సమ్మె సినిమాలు చానా గేటు కాడ ఆగుతయి. గా సినిమా గేటు దాటి వంటింట్లకు పోయింది. 1981ల మా బాయిలల్ల నెలన్నర దాటి సమ్మె నడిచినప్పుడు నాకు అది యాదికొచ్చింది. ఒక్క దినం పని బందు పెడితే ఎనిమిది దినాల జీతం కోత అన్న పద్ధతి మీద వచ్చిన కొట్లాట అది. మొగోళ్ళం మీటింగులు పెట్టుకున్నం, ఊరేగింపులు తీసినం. ఇండ్లు నడిపింది మాత్రం మీ బాపమ్మ అసుంటోళ్ళు. దుకాణపాయనతోని బతిమాలి ఉద్దెర తెచ్చుడు, ఒక పూట గంజి కాసుడు, అన్నీ వాళ్ళే. వాళ్ళ పేర్లు ఏ కరపత్రంల రాలే.

సరే, ఇంక ఎనుకకు పోదాం. కూలోని సినిమా 1969ల పుట్టలే.

మా నాయిన 'రైతుబిడ్డ' ముచ్చట చెప్పేటోడు. ఆయన గూడ చూడలే, ఇన్నదే. 1939ల సినిమా. గూడవల్లి రామబ్రహ్మం తీసిండు. దానికి ముందటేడు, 1938ల, ఆయననే 'మాలపిల్ల' తీసిండు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. అంటరానితనం మీద గా కాలంల సినిమా తీయాలంటే ఎంత గుండె గావాలె! 'రైతుబిడ్డ' అయితే సీదాగ జమీందారీ మీదనే. బళ్ళారి రాఘవ అసుంటి పెద్ద నటుడు రైతు వేషం కట్టిండు. సారథి ఫిలిమ్స్ అనే గా కంపెనీల పైసలు పెట్టిన పెద్దమనిషి చల్లపల్లి జమీందారు. తన సొమ్ముతోనే జమీందార్లను ప్రశ్నించే సినిమా వచ్చింది. వేరే జమీందార్లకు మండింది. కొన్ని జిల్లాలల్ల సినిమా ఆడకుంట ఆపిచ్చిన్రు. సినిమా అంటే ఉత్త కాలక్షేపం అనేటోళ్ళకు ఈ ఒక్క ముచ్చట చెప్పు. ఉత్త కాలక్షేపాన్ని ఎవలన్న బందు పెడతరా?

గా సినిమాకు పాటలు రాసినాయన కొసరాజు. గాయననే 1955ల 'రోజులు మారాయి'కి ఏరువాక పాట రాసిండు. ఆ పాటకు ఆడిన పిల్ల వహీదా రెహమాన్, తర్వాత బొంబాయి పోయి ఎంత పెద్ద పేరు తెచ్చుకున్నదో మీకు ఎరుకే. ఆ సినిమా మాత్రం నేను చిన్నగున్నప్పుడు టూరింగ్ టాకీస్‌ల చూసిన. నాగలి కట్టుడు, ఇత్తనం ఏసుడు మీద పాట. మా ఊరి పెద్దలు సినిమా అయినంక ఇంటికి నడుసుకుంట గా పాటనే పాడుకుంట వచ్చిన్రు. అది వాళ్ళకు కొత్త పాట అనిపియ్యలే. వాళ్ళ పొలంల పాటనే సినిమోళ్ళు తెచ్చి పెట్టుకున్నరు అనుకున్నరు. 'రోజులు మారాయి' తీసిన తాపీ చాణక్య, 'మాలపిల్ల'కు మాటలు రాసిన ధర్మారావు కొడుకే.

'మనుషులు మారాలి' తీసిన మధుసూదనరావు అసుంటోళ్ళు ఏడికెల్లి వచ్చిన్రు అంటే, ప్రజానాట్యమండలి నించి. 1943ల మొదలైంది అది. బుర్రకథలు, నాటకాలు పట్టుకొని ఊరూరు తిరిగిన్రు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 'ముందడుగు', 'మా భూమి' నాటకాలు రాసిన్రు. మండలి మీద నిర్బంధం వచ్చి చెదిరిపోయినంక చానమంది మద్రాసు బండి ఎక్కిన్రు. గరికపాటి రాజారావు, మిక్కిలినేని, అల్లు రామలింగయ్య, నాగభూషణం, గా మండల్ల పనిచేసినోళ్ళే. అల్లు రామలింగయ్యను మీరు నవ్విచ్చెటాయన అనుకుంటరు, ఆయన ఎన్క గంత కథ ఉన్నది. తెలుగు సినిమాల పనోని మాట ఎప్పుడన్న సక్కగ వినబడ్డదంటే దాని ఎన్క ఊర్లల్ల చాపలు పరిచి, లాంతరు ఎలుగుల ఆడిన నాటకాలు ఉన్నయి.

ఇగ 'మా భూమి' సినిమా. నాటకం కాదు, సినిమా. ఇది ఏరే కథ. ఉర్దూల కిషన్ చందర్ రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల మీద తీసిండ్రు. గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ పిల్లగాడు డైరెక్టరు, ఆయనకు అదే మొదటి కథా చిత్రం. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. 1979ల తయారైంది, మాకు కనబడింది ఆ తర్వాతి ఏడే. నేను గా సినిమా ఎన్నిసార్లు చూసిన్నో లెక్క పెట్టుకోలే.

రామయ్య అనే వెట్టోని కొడుకు. చిన్నప్పటి సంది దొర గడీల చాకిరి. ఊర్ల ఉండలేక హైదరాబాదు పోయి కూలినాలి చేసుకుంటడు. ఆడ మక్బూల్ అనే యూనియన్ నాయకుడు దొరుకుతడు. ఆయన చదువు చెప్తడు, లోకం చెప్తడు. ఆ చదువు పట్టుకొని రామయ్య ఊరికొస్తడు. అందరు ఆ సినిమాను రైతుల కొట్లాట సినిమా అంటరు, కరెక్టే. మా బాయి పనోళ్ళకు మాత్రం మక్బూల్ మస్తు దగ్గరోడు అనిపిచ్చిండు. ఎందుకంటే మేం గూడ ఊర్ల నించి, గడీల నీడ నించి తప్పిచ్చుకొని బాయికి వచ్చినోళ్ళమే. ఆడ దొర, ఈడ మస్టరు. ఊరికి, బాయికి నడుమ తొవ్వ ఏదో గా సినిమా చూపిచ్చింది. నైజాం కాలంల మగ్దూం మొహియుద్దీన్ అసుంటి కవి హైదరాబాదుల కార్మిక సంఘాలు కట్టిండు, గాయన లోకం తెలిసినోళ్ళకు మక్బూల్ పాత్ర ఊహించుకున్నది అనిపియ్యదు. మగ్దూం రాసిన గజల్ 1982ల 'బాజార్' హిందీ సినిమాల గూడ వచ్చింది. గాయన కార్మిక నాయకుడని ఎరుక లేకుంటనే దేశమంత పాడుకున్నది.

రామయ్య వేషం కట్టిన సాయిచంద్ ఎవరనుకున్నరు? త్రిపురనేని గోపీచంద్ కొడుకు. గోపీచంద్ సినిమాలల్లకు వచ్చింది ఏ సినిమాతోనంటే 1939ల 'రైతుబిడ్డ'తోనే, దానికి ఆయన మాటలు రాసిండు. అప్పుడు తండ్రి జమీందారు మీద మాటలు రాసిండు, నలభై ఏండ్లకు కొడుకు దొర మీదికి బందూకు పట్టిండు. ఈ ముచ్చట నాకు చానా ఏండ్లకు తెలిసింది, తెలిసిన నాడు నాకు రాత్రంత నిద్ర పట్టలే. మనం విడిగ విడిగ చూసిన సినిమాలు లోపట లోపట ఒక్క కుటుంబం లెక్క ఉన్నయి.

అండ్ల గద్దర్ గూడ ఉన్నడు. గొంగడి భుజం మీద, కర్ర చేతుల, బండి యాదగిరి కట్టిన పాట పాడుతడు. ఆ పాట కట్టిన యాదగిరి తెలంగాణ సాయుధ పోరాటంల ఉన్న మనిషి. ఆ పాట వచ్చినప్పుడు థియేటర్ల ఒక్కడు కూసోలే. నిలబడి పాడిండ్రు. ఎనకున్నోళ్ళు కూసోమని అరువలే, ఎందుకంటే వాళ్ళు గూడ నిలబడే ఉన్నరు.

గా ఏడాదికి అటిటుగనే 'కాలా పత్థర్' వచ్చింది, 1979ల. హిందీల. అమితాబ్ బచ్చన్, శశికపూర్, శత్రుఘ్న సిన్హా. బొగ్గు బాయి మీద ఇంత పెద్ద తారలతోని సినిమా అనంగనే కోల్‌బెల్టు అంత ఉరికింది. దాని ఎన్క నిజం ఏందంటే, 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలాల పక్క పాత బాయిల నిలిచిన నీళ్ళు గోడ పగిలి లోపటికి వచ్చినయి. 370 మందికి పైగ పోయిన్రు. అండ్ల నీళ్ళొచ్చే సీను మేం ఊపిరి పట్టుకొని చూసినం. బయటికొచ్చినంక ఎవ్వడు డ్యాన్సుల గురించి మాట్లాడలే. పాత బాయి పక్కన పని చేసెటప్పుడు నీళ్ళ లెక్క ఎట్ల చూస్తరు, బోర్ ఎంత దూరం ఏసి చూడాలె, అని సర్దారును పట్టుకొని అడిగినం. సినిమా చూసి గసుంటి ప్రశ్న అడిగినోళ్ళు ఇంక ఏడనన్న ఉంటరా?

ఎనభైలల్ల అయితే వరుస. ఒంగోలు దిక్కు నించి ఇద్దరు వచ్చిన్రు, ఇద్దరూ ప్రజానాట్యమండలి మనుషులే. మాదాల రంగారావు 'యువతరం కదిలింది' 1980ల, 'ఎర్రమల్లెలు' 1981ల తీసిండు, రెంటికి డైరెక్టరు ధవళ సత్యం. నాంపల్లి స్టేషన్ మీద పాట ఉన్నది చూడు, అది 'ఎర్రమల్లెలు'లదే, బాయి దిగెటప్పుడు మ్యాన్‌వేల గూడ పాడుకున్నం. రెండో ఆయన టి. కృష్ణ. 1983ల 'నేటి భారతం' తీసిండు. దాంట్ల శ్రీశ్రీ పాట ఉన్నది, అదే ఏడు జూన్ నెలల శ్రీశ్రీ పోయిండు. 1985ల 'వందేమాతరం', 'ప్రతిఘటన'. 1986ల ఆయన గూడ పోయిండు, చిన్న వయసులనే. ఇంక పదేండ్లు బతికితే ఎన్ని సినిమాలు తీసేటోడో అని నాకు ఇప్పటికీ బాధ. హీరోయిన్ విజయశాంతికి రోషం నేర్పింది గా మనిషే.

అదే 1986ల ఆర్. నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం'తోని వచ్చిండు. అప్పటి తూర్పుగోదావరి మల్లంపేట పిల్లగాడు, మద్రాసు పోయి దాసరి సినిమాలల్ల చిన్న వేషాలు కట్టుకుంట ఎదిగినోడు. స్నేహచిత్ర అని సొంత బ్యానరు పెట్టి, రాసుడు, తీసుడు, నటించుడు అన్నీ ఆయననే. 'లాల్ సలాం', 'దండోరా', 'ఎర్రసైన్యం', 'చీమలదండు'. మొన్న 2021ల 'రైతన్న' గూడ. సంపాయించింది మళ్ళ గసుంటి సినిమాల మీదనే పెట్టిండు. ఆయన సినిమాలల్ల అరుపు ఎక్కువ, కెమెరా పని తక్కువ అని సదువుకున్నోళ్ళు అంటరు. నేను కాదనను. కని ఎర్రసైన్యం ఆడిన నాడు ట్రాక్టర్ల మీద, ఎడ్లబండ్ల మీద జనం థియేటర్లకు వచ్చిన్రు. జన్మల సినిమా చూడని ముసలోళ్ళు వచ్చిన్రు. వాళ్ళ భాష గట్టిగ మాట్లాడినోన్ని వాళ్ళు ఎట్ల మర్చిపోతరు?

1995ల దాసరి తీసిన 'ఒరేయ్ రిక్షా'ల గూడ నారాయణమూర్తే. అండ్ల గద్దర్ రాసిన అన్నచెల్లెండ్ల పాట ఉన్నది, వందేమాతరం శ్రీనివాస్ సంగీతం. గా పాటకు సర్కారు నంది అవార్డు ఇస్తే గద్దర్ తీసుకోలే. అంతకు ముందు 1983ల 'రంగులకల'ల గూడ గద్దర్ పాట ఒకటి ఉన్నది. పట్నంల రిక్షా తొక్కే కొడుకుకు తల్లి పైలం చెప్పే పాట. ఎక్కేకాడ, దిగేకాడ ఎట్లుండాలె అని. రిక్షా తొక్కుడు ఎంత కష్టమో ఎవలైన రాయొచ్చు. ఏ మలుపు కాడ ఏమైతదో రాయాలంటే తొక్కినోళ్ళతోని తిరగాలె.

ఇగ్గో, నేను చెప్పాలనుకున్నది ఈడికే వస్తున్నది, ఇనుండ్రి. ఎర్ర సినిమాలల్ల నాకు ఒక్క కొరత కనబడేది. అండ్ల సమ్మె ఉంటది, లాఠీ ఉంటది, దొర ఉంటడు, జెండా ఉంటది. పని ఉండకపోయేది. హీరో కార్మికుడే, కని ఆయన చేతుల పనిముట్టు నిలబడదు. ఒక్క సీనుల సుత్తె కొడుతడు, రెండో సీనుల ఉపన్యాసం. పని చేసినోనికి గది తెలుస్తది. చెమ్మసు పట్టే తీరు ఒకటి ఉంటది. నడుము ఏడ వంచాలె, మోకాలు ఏడ పెట్టాలె, ఊపిరి ఎప్పుడు పీల్చాలె. గా తీరు తెలువకుంట మా మీద సినిమా తీస్తే మా కోపం మాత్రమే తీసినట్టు, మమ్ముల తీసినట్టు కాదు. మేం పొద్దంత కోపంల ఉండం. పొద్దంత పనిల ఉంటం.

గా కొరత తీర్చినయి కొన్ని ఉన్నయి. అవి చప్పుడు చేయకుంట వచ్చి పోయినయి, మా దిక్కు థియేటర్లల్ల సరిగ ఆడలే కూడ. 1977ల మృణాల్ సేన్ తెలుగుల 'ఒక ఊరి కథ' తీసిండు, ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ మీద. అండ్ల ముసలోడు పని చేయనంటడు. చేస్తే దొరకే లాభం, నాకెందుకు అంటడు. మొదటిసారి చూసినప్పుడు నాకు గా ముసలోని మీద మస్తు కోపం వచ్చింది. పనిని గంత గౌరవంగ చూసుకునెటోళ్ళం మేం. తర్వాత తర్వాత తెలిసింది, పని మీద మనిషికి ఇష్టం సచ్చిపోవాలంటే దాని ముందు ఎన్ని తరాలు దోపిడి కావాలె అని అడుగుతున్నది గా సినిమా. కోడలు కాన్పు నొప్పులతోని చచ్చిపోయే సీను చూసి తట్టుకోవడం కష్టం. తట్టుకోవాలె.

'మా భూమి'కి నిర్మాతగ ఉన్న బి. నర్సింగరావు తర్వాత తనే డైరెక్టరయ్యి 1988ల 'దాసి' తీసిండు. గడీల పెరిగిన దాసి పిల్ల. అర్చన చేసింది, దేశం ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అండ్ల కొట్లాట లేదు, ఉపన్యాసం లేదు. ఆమె నీళ్ళు మోస్తది, కాళ్ళు కడుగుతది, పక్క సర్దుతది. గంతే. పొద్దు లేచిన కాడికెల్లి ఆమె చేతులకు సందు దొరకదు. మా అమ్మ చిన్నప్పుడు గడీ ముంగట నడిచినోళ్ళల్ల ఒకతి. ఆమెకు టీవీల చూపిచ్చిన. చూసి ఏమన్నదంటే, "నీళ్ళ కాగు గట్లనే ఎత్తేది" అన్నది. గా సినిమాకు ఢిల్లీల ఇచ్చిన అవార్డులన్నింటికన్న మా అమ్మ మాట నాకు పెద్దగ అనిపిచ్చింది.

1990ల ఆయననే 'మట్టిమనుషులు' తీసిండు. ఊర్ల కరువుకు తట్టుకోలేక హైదరాబాదు వచ్చి బిల్డింగులు కట్టే కూలీల కథ. మాస్కో పండుగల గూడ దానికి గౌరవం దక్కింది. పాలమూరు లేబర్ అని అంటరు గద, డ్యాములు కట్టింది, రోడ్లు ఏసింది, పట్నంల ఎత్తు మేడలు లేపింది వాళ్ళే. కట్టిన ఇంట్ల ఒక్క రాత్రి నిద్రపోరు. ఇసుక జల్లెడ పట్టుడు, తట్టలు అందిచ్చుడు, పిల్లను నీడకు పండబెట్టి మళ్ళ మెట్లెక్కుడు. ఆ తట్టలు చూసి నేను కూసున్న కాడ నా భుజాలు కదిలినయి. మీ బాపమ్మ నవ్వింది.

ఈ మధ్య, 2019ల, 'మల్లేశం' చూసినం గద అందరం కలిసి. ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం కథ, ప్రియదర్శి చేసిండు. ఆసు పోసుడు అంటే చీరె నేసే ముందు దారాన్ని కొయ్య మేకుల చుట్టు అటు ఇటు తిప్పుడు. ఒక్క చీరెకు చెయ్యి వేల సార్లు తిరగాలె. గా పని చేసేది ఆడోళ్ళే. తల్లి భుజం నొప్పి చూడలేక గా కొడుకు యంత్రం కట్టిండు. సినిమా మొత్తం ఒక చెయ్యి తిప్పుడు మీద నడుస్తది. ఎర్ర జెండా లేదు, నినాదం లేదు. అయినా నా లెక్కల అది పక్కా కార్మికుల సినిమా. 2023ల 'దసరా' మన బొగ్గు ఏరియానే చూపిచ్చింది, రైలు మీద బొగ్గు దొంగతనం చేసే పిలగాండ్లు, మొకాల నిండ మసి. మసి సక్కగ చూపిచ్చిన్రు. బాయి లోపటికి దిగిన తెలుగు సినిమా మాత్రం నేనింక చూడలే.

ఇంక ఒక్కటి చెప్పి ఊకుంట. పెద్దోడు రెండేండ్ల కింద కంప్యూటర్ల ఒక అమెరికా సినిమా పెట్టిండు, యాదికున్నదా? 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్', 1954ది. నాకు ఇంగ్లీషు రాదు, వాడు పక్కన కూసోని చెప్తుంటే చూసినం. న్యూ మెక్సికో అనే రాష్ట్రంల జింకు బాయిలు. పని చేసేటోళ్ళు చానమంది మెక్సికో మూలాలున్నోళ్ళు. తెల్లోళ్ళకు ఒక తీరు, వీళ్ళకు ఒక తీరు. 1950ల సమ్మె మొదలైంది, 1952 దాక నడిచింది. సమ్మె నడుస్తుండంగ కోర్టు, బాయి పనోళ్ళు గేటు కాడ నిలబడొద్దని ఆర్డరిచ్చింది. అప్పుడు వాళ్ళ పెండ్లాలు, "ఆర్డరు బాయి పనోళ్ళకే గదా, మాకు కాదు గదా" అని తామే పోయి నిలబడ్డరు. ఇది నిజంగ జరిగింది.

నాకు బాగ నచ్చింది ఏందంటే, గా సినిమాల మొగోళ్ళ డిమాండు ఒకటి, ఆడోళ్ళ డిమాండు ఒకటి. మొగోళ్ళు బాయిల భద్రత అంటరు. ఆడోళ్ళు ఇంట్లకు నీళ్ళ నల్లా, మురికి కాలువ అంటరు. మొగోళ్ళు, "అది తర్వాత చూద్దాం" అంటరు. గా మాట ఇనంగనే మీ బాపమ్మ నా దిక్కు చూసింది. మన క్వార్టర్ల బయట నల్లా కాడ బిందెలు వరుసల పెట్టి పొద్దు గడిపిన మనిషి ఆమె. మేం యూనియన్ మీటింగుల నీళ్ళ ముచ్చట ఎప్పుడు చివరికే పెట్టేది. సినిమాల, ఆడోళ్ళు గేటు కాడుంటే మొగోళ్ళు ఇంట్ల కట్టెలు కొట్టి, నీళ్ళు కాగబెట్టి, బట్టలు పిండుతరు. అప్పుడు వాళ్ళకు నల్లా విలువ తెలుస్తది. పనిని చూపియ్యాలె అన్న గద, గదే. ఇంటి పని గూడ పనే అని 1954ల చూపిచ్చిన్రు.

ఆడోళ్ళను పిల్లలతోని జైల్ల ఏస్తరు. ఆడ వాళ్ళు పసిబిడ్డకు పాలు గావాలని అందరు ఒక్కటే అరుపు అరుస్తరు, ఊకోరు. మీ బాపమ్మ, "పాలు తెచ్చేదాక ఇడువొద్దు" అని కంప్యూటర్‌తోని చెప్పింది.

గా సినిమా తీసిన హెర్బర్ట్ బైబర్‌మన్‌ను హాలీవుడ్ల అప్పటికే బయటికి ఎల్లగొట్టిన్రు, కమ్యూనిస్టు అని ముద్ర ఏసి. అండ్ల మొగని వేషం కట్టినాయన నటుడు కాదు, ఆ బాయి కాడ యూనియన్ అధ్యక్షుడే, హువాన్ చకోన్. హీరోయిన్ రోసౌరా రెవ్వెల్టాస్ మెక్సికో నటి. షూటింగు కాకముందే ఆమెను పట్టుకొని ఆమె దేశానికి పంపిచ్చిన్రు. సినిమా తయారైనంక ప్రొజెక్టరు నడిపేటోళ్ళు చానమంది "మేం తిప్పం" అన్నరు. అమెరికాల ఏళ్ళ మీద లెక్కబెట్టే థియేటర్లల్ల ఆడింది. 1939ల మన 'రైతుబిడ్డ'కు జరిగిందే ఆడ జరిగింది. ఏ దేశమైనా పనోని సినిమాకు గేటు మూసే ఉంటది.

సరే, పండుకోండ్రి. రేపు ఎట్లాగు సెలవే గద. పొద్దుగాల చాయ తాగి 'మట్టిమనుషులు' పెట్టుండ్రి, 'మనుషులు మారాలి' మాపటికి. మొదలు కథ జోలికి పోకుండ్రి. వాళ్ళ చేతులు ఏం చేస్తున్నయో చూడుండ్రి, తట్ట ఎవలు ఎత్తుతున్నరు, ఎవలు అందుకుంటున్నరు, ఎన్నోసారికి ఆగి చెమట తుడ్చుకుంటున్నరు. చూసినంక మీ బాపమ్మను గూడ పిలిచి అడుగుండ్రి, అండ్ల ఏది నిజమో ఏది సినిమానో. ఆమె నాకన్న సక్కగ చెప్తది.